ఈ పసుపు జెర్సీలు ఏం చేసుకోమంటారు? ఫుట్‌బాల్ పెద్దలకు ఒక హైదరాబాద్ అభిమాని బహిరంగ లేఖ

దేశంలో ఫుట్‌బాల్ వ్యవహారాలు చూసే పెద్దలకు, లీగ్ నిర్వాహకులకు, క్లబ్బుల యజమానులకు, తెలంగాణ క్రీడా శాఖ అధికారులకు,

నమస్కారం.

నేను హైదరాబాద్ ఎఫ్‌సీ అభిమానిని. దేశంలోని పెద్ద ఫుట్‌బాల్ లీగ్ అయిన ఇండియన్ సూపర్ లీగ్‌లో ఇప్పుడు ఆ పేరుతో జట్టు లేదు. 2025 అక్టోబరులో క్లబ్బును ఢిల్లీకి తరలించి, స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అని పేరు మార్చారు. ఆ కబురు మా అమ్మాయి ఫోన్‌లో చూసి చెప్పింది. "నాన్నా, ఇప్పుడు మనం ఢిల్లీ వాళ్లమా?" అని అడిగింది. దానికి పద్నాలుగేళ్లు. నాకేం చెప్పాలో తోచలేదు.

ఆ తర్వాత రెండు చోట్లకు మెయిల్ పెట్టాను. ఇంకో చోటికి స్పీడ్ పోస్టులో ఉత్తరం పంపాను. అందినట్టు ఆన్‌లైన్‌లో చూపించింది గానీ జవాబు రాలేదు. ఏ ఆఫీసులన్నది ఇక్కడ అప్రస్తుతం. ఎవరికి వారు "అది మా పరిధి కాదు" అనుకుని ఉంటారు. అందుకే ఈసారి అందరికీ కలిపి, అందరూ చూసేలా రాస్తున్నాను.

నేను బ్యాంకు ఉద్యోగిని. కాలేజీ రోజుల్లో ఇంటర్ కాలేజీ పోటీల్లో లెఫ్ట్ బ్యాక్‌గా ఆడాను. నిజం చెప్పాలంటే ఆడింది తక్కువ, బెంచీ మీద కూర్చున్నది ఎక్కువ. మా జట్టు ఏడాదికి ఆరేడు మ్యాచ్‌లు ఆడేది, చూడటానికి వచ్చేది ఆటగాళ్ల స్నేహితులూ దారిన పోయేవాళ్లూ. అయినా ఓడిపోతే రెండు రోజులు అన్నం సయించేది కాదు. ఆ పిచ్చి ఇంకా వదల్లేదు. నా అర్హత అంతే.

ముందు జరిగింది జరిగినట్టు చెబుతాను.

2019లో ఎఫ్‌సీ పుణే సిటీ మూతపడింది. లీగ్‌లో దాని చోటు హైదరాబాద్‌కు దక్కింది. ఆ ఏడాది నవంబరు 2న గచ్చిబౌలిలోని బాలయోగి స్టేడియంలో మొదటి హోమ్ మ్యాచ్ జరిగింది. కేరళ బ్లాస్టర్స్ మీద 2-1తో గెలిచాం. స్టాండ్ల నిండా పసుపు రంగు చూసి మనవాళ్లు ఇంతమంది వచ్చారా అని పొంగిపోయాను. దగ్గరికి వెళ్తే సగం మంది మలయాళం మాట్లాడుతున్నారు. వాళ్ల రంగూ పసుపేనని అప్పుడు గుర్తొచ్చింది. ఆ సీజన్‌లో 18 మ్యాచ్‌లలో 2 గెలిచి అట్టడుగున నిలిచాం.

తర్వాత రెండు సీజన్లు కోవిడ్ వల్ల గోవాలోనే జరిగాయి. మా జట్టు బాగుపడిన రోజులను మేం టీవీలోనే చూశాం. 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్డాలో ఫైనల్. మళ్లీ అదే కేరళ. 88వ నిమిషం దాకా 0-1తో వెనకబడి ఉన్నాం. సాహిల్ తవోరా దూరం నుంచి కొట్టిన బంతి గోల్‌లో పడింది. పెనాల్టీ షూటౌట్‌లో గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపాడు. మేం చాంపియన్లం. మా అపార్ట్‌మెంట్‌లో అరిచింది నేనూ మా అమ్మాయీ మాత్రమే. కింది పోర్షన్ ఆయన ఏదో ప్రమాదం జరిగిందని పరిగెత్తుకొచ్చాడు. మరుసటి సీజన్‌లో లీగ్ పట్టికలో రెండో స్థానం.

ఆ తర్వాతే పతనం మొదలైంది. జీతాలు అందలేదని ఆటగాళ్లు ఫిర్యాదు చేశారు. కొత్త ఆటగాళ్లను తీసుకోకుండా ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా నిషేధం పెట్టింది. విదేశీ ఆటగాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. మిగిలిన కుర్రాళ్లతో 2023-24లో 22 మ్యాచ్‌లు ఆడి ఒకే ఒక్కటి గెలిచాం. మొత్తం 8 పాయింట్లు. నేను ఎక్కువ మ్యాచ్‌లకు వెళ్లింది ఆ సీజన్‌లోనే. జీతం అందని కుర్రాడు తొంభయ్యో నిమిషంలో కూడా పరిగెత్తుతుంటే ఇంట్లో కూర్చోబుద్ధి కాలేదు. 2024లో యాజమాన్యం మారింది, ఇక కష్టాలు తీరాయనుకున్నాం. 13 జట్లలో 12వ స్థానం వచ్చింది.

2025 జులైలో లీగే ఆగిపోయింది. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్యకూ లీగ్ నిర్వహణ సంస్థకూ మధ్య 2010లో కుదిరిన పదిహేనేళ్ల ఒప్పందం డిసెంబరు 8తో ముగుస్తుందని, ఆ తర్వాత సంగతి తేలేదాకా సీజన్ మొదలు పెట్టలేమని చెప్పారు. అంటే ముగిసే తేదీ పదిహేనేళ్ల ముందే తెలుసు. అయినా సీజన్ గుమ్మంలోకి వచ్చాక గానీ ఎవరికీ గుర్తు రాలేదు. ఆ గందరగోళం మధ్యలో మా క్లబ్బు ఊరు దాటింది. లీగ్ ఎలాగోలా కుదించుకుని బతికి బట్టకట్టినా, అందులో మేం లేం.

"గచ్చిబౌలిలో జనం రారు కదా, క్లబ్బు నష్టాల్లో ఎన్నాళ్లు నడుస్తుంది?" అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. చాలా రాత్రులు స్టాండ్లు ఖాళీగా ఉన్నది నిజం. యజమాని తన డబ్బు పోగొట్టుకోవాలని నేను అనను. కానీ మ్యాచ్ చూడాలంటే సికింద్రాబాద్ వైపు నుంచి ఎలా రావాలో ఒక్కసారి చూడండి. మామూలు పనిరోజున రాత్రి ఏడున్నరకు ఆట. ఐదున్నరకే ఆఫీసులో ఏదో వంక చెప్పి బయటపడాలి. మెట్రో రాయదుర్గంతో ఆగిపోతుంది. అక్కడి నుంచి ఐటీ ట్రాఫిక్‌లో ఆటో. తిరిగి వెళ్లేటప్పుడు చివరి మెట్రో దొరుకుతుందో లేదోనని ఎనభయ్యో నిమిషం నుంచే టెన్షన్. ఇన్ని చేసి వెళ్తే, ఆ వారం జట్టులో ఎవరున్నారో ఎవరు వెళ్లిపోయారో తెలియదు. ఇలా నడిపి, జనం రాలేదని జనాన్నే తప్పు పడితే ఎలా?

ఈ ఊరికి ఫుట్‌బాల్ తెలియదనే మాట మాత్రం ఎవరూ అనకండి. సయ్యద్ అబ్దుల్ రహీమ్ ఇక్కడి ఉపాధ్యాయుడు. ఆయన శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన కోచ్‌గా ఉన్నప్పుడే భారత్ 1951లో, 1962లో ఆసియా క్రీడల స్వర్ణాలు గెలిచింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. మెల్‌బోర్న్ వెళ్లిన అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్, తులసీదాస్ బలరాం మా ఊరివాళ్లు. బలరాం పుట్టింది అమ్ముగూడలో. మా నాన్న ఆయన పేరు చెప్పేటప్పుడు సొంత తమ్ముడి గురించి చెప్పినట్టు చెప్పేవాడు. రాష్ట్రాల జట్లు ఆడే సంతోష్ ట్రోఫీని 1956-57లో, 1957-58లో హైదరాబాద్, 1965-66లో ఆంధ్రప్రదేశ్ గెలిచాయి. అంత చరిత్ర ఉన్న ఊరికి దేశంలోని పెద్ద లీగ్‌లో చోటు రావడానికి 2019 దాకా పట్టింది. పోవడానికి ఆరేళ్లు పట్టింది.

ఇక ఈ తరలింపు మామూలు మనుషుల మీద ఎలా పడిందో చెబుతాను.

1. స్టేడియం బయట మొక్కజొన్న పొత్తులు కాల్చే ఒకావిడ ఉండేది. మ్యాచ్ రోజున కొడుకుని కూడా తెచ్చుకునేది, ఒకరు కాలుస్తుంటే ఒకరు డబ్బులు తీసుకునేవారు. జెర్సీలు, జెండాలు పరిచి అమ్మేవాళ్లు ఇంకో పదిమంది. రాత్రి పదింటికి గేటు దగ్గర కాచుకునే ఆటోవాళ్లు. ఈ మధ్య అటు వెళ్తే ఒక ఆటో డ్రైవర్ గుర్తుపట్టి, "ఢిల్లీకి పోయిందంట గదా అన్నా మన టీమ్?" అన్నాడు. అతను ఒక్క మ్యాచ్ కూడా లోపలికి వచ్చి చూడలేదు. అయినా "మన టీమ్" అన్నాడు. మీ లెక్కల పుస్తకాల్లో ఆ మాటకు విలువ కట్టే గడి లేదనుకుంటాను.

2. ఆటగాడికి ఏజెంటు ఉంటాడు, ఇంకో క్లబ్బు చూసుకుంటాడు. బట్టలు ఉతికేవాళ్లు, సామాను మోసేవాళ్లు, మైదానం చూసుకునేవాళ్లు, రోజుకూలీ మీద గేట్ల దగ్గర నిలబడే సెక్యూరిటీ వాళ్లు ఢిల్లీకి వెళ్లలేరు. క్లబ్బు కుదేలైనప్పుడు పేపర్లలో పేర్లు వచ్చేది గోల్ కొట్టినవాళ్లవే.

3. కాలేజీ ఆట సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే అసలు దెబ్బ అక్కడ తగిలింది. మా రోజుల్లో కాలేజీలో బాగా ఆడితే రైల్వే, బ్యాంకు, పోలీసు, పబ్లిక్ సెక్టారు జట్లు పిలిచేవి. స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం వస్తే ఇంట్లోవాళ్లు నోరెత్తేవారు కాదు. ఆ దారులు ఇప్పుడు బాగా సన్నబడ్డాయి. ప్రొఫెషనల్ క్లబ్బు వచ్చాక కుర్రాళ్లకు ఇంకో తలుపు కనిపించింది. మా వీధిలో డిగ్రీ రెండో సంవత్సరం చదివే అబ్బాయి ఒకడు రోజూ తెల్లవారుజామున ఐదింటికి గ్రౌండుకి వెళ్లేవాడు. వాళ్లమ్మ టిఫిన్ సెంటర్ నడుపుతుంది. "సూపర్ లీగ్ టీమ్ మన ఊళ్లోనే ఉంది, ట్రయల్స్ పెడతారు" అని చెప్పి ఆమెను ఒప్పించాడు. ఇప్పుడు ఏం చెప్పి ఒప్పించాలి? వాడు కన్సల్టెన్సీ కోర్సులో చేరాడు. వాడు ఇండియాకు ఆడేవాడని నేను అనను. బహుశా ఆడేవాడు కాదు. తనకు ఎంత చేతనవునో తేల్చుకునే అవకాశమైనా ఉండాలి కదా.

4. పిల్లల సంగతి. మా అమ్మాయికి క్రికెట్ అంటే ఇష్టం లేదు. ఇంట్లో ఆడపిల్లను రాత్రిపూట స్టేడియానికి తీసుకెళ్తావా అని మా అత్తగారు కోప్పడినా తీసుకెళ్లాను. ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో నాకన్నా బాగా చెప్పగలదు. దాని అలమారాలో మూడు పసుపు జెర్సీలున్నాయి. ఒకటి పొట్టిదైపోయింది, అయినా పారేయనివ్వదు. ఇప్పుడు వారాంతాల్లో ఇంగ్లండ్ లీగ్ చూస్తోంది. మాంచెస్టర్ ఎక్కడుందో తెలుసు, రహీమ్ సాబ్ ఎవరో దాని క్లాసులో ఒక్కరికీ తెలియదు.

5. ఢిల్లీ అభిమానుల మీద నాకు కోపం లేదు. వాళ్లకూ ఇదే జరిగింది. వాళ్ల ఢిల్లీ డైనమోస్ క్లబ్బును 2019లో భువనేశ్వర్‌కు తీసుకెళ్లి ఒడిశా ఎఫ్‌సీ చేశారు. అదే ఏడాది పుణే వాళ్లు క్లబ్బు పోగొట్టుకున్నారు. ఆ చోటు మాకు వచ్చినప్పుడు మేం స్వీట్లు పంచుకున్నాం. పుణేలో నాలాంటివాడు ఒకడు అమ్మాయికి సమాధానం చెప్పలేక కూర్చుని ఉంటాడని ఆ రోజు తట్టలేదు. ఇది ఒప్పుకోకుండా ఈ లేఖ రాయడం న్యాయం కాదు. పుణే నుంచి హైదరాబాద్, ఢిల్లీ నుంచి భువనేశ్వర్, హైదరాబాద్ నుంచి ఢిల్లీ. ఇది లీగా, అద్దె ఇళ్ల వ్యవహారమా?

మిగతా దేశాల్లో క్లబ్బులు ఊళ్లు మారవని కాదు. అమెరికాలో అది మామూలే. కానీ అక్కడ కూడా 1990ల్లో అమెరికన్ ఫుట్‌బాల్ ఆడే క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ జట్టును బాల్టిమోర్‌కు తరలించినప్పుడు అభిమానులు, నగరపాలకులు గట్టిగా నిలబడ్డారు. ఆటగాళ్లు వెళ్లారు గానీ పేరు, రంగులు, రికార్డులు క్లీవ్‌లాండ్‌లోనే ఉండిపోయాయి. 1999లో అదే పేరుతో అక్కడ మళ్లీ జట్టు వచ్చింది. ఇంగ్లండ్‌లో వింబుల్డన్ క్లబ్బును మిల్టన్ కీన్స్‌కు పంపడానికి అనుమతి ఇస్తే, 2002లో అభిమానులే సొంత క్లబ్బు పెట్టుకుని ఎంతో కింది స్థాయి లీగ్ నుంచి పైకి వచ్చారు. ఆ దేశంలో 2025లో ఫుట్‌బాల్ కోసం ప్రత్యేక చట్టం చేశారు. ఇకపై క్లబ్బు సొంత మైదానం వదిలి వేరే చోటికి వెళ్లాలంటే నియంత్రణ సంస్థ అనుమతి కావాలి, అభిమానుల మాట వినాలి. జర్మనీలో క్లబ్బు సభ్యుల చేతిలో సగానికి పైగా ఓట్లు ఉండాలన్న నియమం ఉంది. అంత పెద్ద కోరికలు మేం కోరడం లేదు.

మేం అడిగేవి ఇవి.

1. హైదరాబాద్ ఎఫ్‌సీ పేరు, పసుపు-నలుపు రంగులు, చిహ్నం, 2021-22 టైటిల్‌తో సహా రికార్డులన్నీ ఈ ఊరి పేరు మీదే ఉంచండి. రేపు ఎవరైనా ఇక్కడ క్లబ్బు పెడితే, కొత్త యాజమాన్యం అర్హతలు చూసి వాటిని అప్పగించండి. దీనికి ఎవరికీ పైసా ఖర్చు లేదు. ఒక తీర్మానం చాలు.

2. ఇకపై ఏ క్లబ్బు ఊరు మారాలన్నా కనీసం ఆరు నెలల ముందు బహిరంగ నోటీసు ఇవ్వాలి. ఆ ఊళ్లో ఒక్క బహిరంగ విచారణైనా జరపాలి. కారణాలు రాతపూర్వకంగా చెప్పాలి. అపార్ట్‌మెంట్‌లో బోరు మార్చాలన్నా మేం నోటీసు బోర్డు మీద కాగితం అంటిస్తాం.

3. సీజన్ మొదలయ్యే ముందే ప్రతి క్లబ్బు ఆ ఏడాది జీతాలకు సరిపడా బ్యాంకు గ్యారంటీ ఇవ్వాలి. మీ లైసెన్సింగ్ నిబంధనల్లో ఆర్థిక షరతులు ఇప్పటికే ఉన్నాయి. ఉన్నా 2023-24 జరిగింది. బ్యాంకులో పనిచేసేవాడిగా చెబుతున్నాను, కాగితం మీది హామీకీ గ్యారంటీకీ చాలా తేడా ఉంది. ఆ గ్యారంటీ ఆటగాళ్లతోపాటు సిబ్బందికీ, కాంట్రాక్టు కూలీలకూ వర్తించాలి. క్లబ్బు తరలిపోతే టికెట్లు ముందే కొన్నవాళ్ల డబ్బు కూడా అందులోంచే తిరిగి ఇవ్వాలి.

4. మైదానంలో గెలిచి పైకి వచ్చే దారి తెరిచి ఉంచండి. హైదరాబాద్‌కే చెందిన శ్రీనిధి దక్కన్ 2022-23లో, 2023-24లో సూపర్ లీగ్‌కు కింది మెట్టు అయిన ఐ-లీగ్‌లో రెండో స్థానంలో నిలిచింది. రెండుసార్లూ ఒక్క మెట్టు తక్కువై పై లీగ్‌కు రాలేకపోయింది. దాన్ని దొడ్డిదారిన తీసుకురమ్మని అడగడం లేదు. ఓడిన జట్టు కిందికి దిగడం, గెలిచిన జట్టు పైకి ఎక్కడం ఏటా తప్పకుండా జరిగేలా చూడండి. చోటు కొనుక్కునేది కాక, గెలుచుకునేది అయినప్పుడు దాన్ని ఇంకో ఊరికి మోసుకుపోవడం కష్టమవుతుంది.

5. రాష్ట్ర క్రీడా శాఖకు. 2024 సెప్టెంబరులో ఇంటర్‌కాంటినెంటల్ కప్, నవంబరులో భారత్-మలేసియా మ్యాచ్, డిసెంబరు 31న సంతోష్ ట్రోఫీ ఫైనల్, అన్నీ గచ్చిబౌలిలోనే జరిగాయి. అంటే నాలుగు నెలల్లో దేశమంతా చూసే ఆటకు ఆ మైదానం పనికొచ్చింది. అదే మైదానాన్ని నెలకు రెండు ఆదివారాల సాయంత్రాలు ఊరి క్లబ్బులకు, కాలేజీ జట్లకు నామమాత్రపు అద్దెకు ఇవ్వండి. మ్యాచ్ రోజున రాయదుర్గం నుంచి స్టేడియానికి నాలుగు సిటీ బస్సులు వేయండి. జనం వస్తారో రారో అప్పుడు లెక్క తీద్దాం.

6. యూనివర్సిటీల క్రీడా విభాగాలకు, రాష్ట్ర ఫుట్‌బాల్ సంఘానికి. ఇంటర్ కాలేజీ పోటీలు వారం పది రోజుల్లో నాకౌట్ పద్ధతిలో ముగించి చేతులు దులుపుకోకండి. ఒక్క మ్యాచ్ ఓడితే ఆ పిల్లాడికి ఏడాది అయిపోయినట్టే. లీగ్ పద్ధతిలో కనీసం మూడు నెలలు ఆడించండి, గెలిచిన కాలేజీకి స్థానిక లీగ్‌లో చోటివ్వండి. మ్యాచ్ ఎప్పుడో ఎక్కడో వారం ముందు చెప్పండి, చూడటానికి మేం వస్తాం. టికెట్ పెట్టినా వస్తాం.

7. క్లబ్బుల లైసెన్సు కమిటీల్లో, తరలింపు మీద నిర్ణయం తీసుకునే చోట అభిమానుల ప్రతినిధి ఒకరికి కుర్చీ వేయండి. ఓటు ఇవ్వకపోయినా సరే, మా ఊరి సంగతి అక్కడ తేలుతున్నప్పుడు మాలో ఒకరు ఉండాలి.

క్లబ్బు వెనక్కి తెమ్మని ఈ లేఖలో ఎక్కడా అడగలేదు, గమనించే ఉంటారు. ఢిల్లీలో ఇప్పటికే ఏ తండ్రో తన కూతురికి కొత్త జెర్సీ కొనిచ్చి ఉంటాడు. దాన్ని లాక్కురమ్మని నేను అడగలేను.

ముప్పై రోజుల్లో రాతపూర్వకంగా జవాబు ఇవ్వమని కోరుతున్నాను. ఏ కోరిక సాధ్యం కాదో, ఎందుకు కాదో చెప్పినా చాలు. ఆలోగా జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తులు సిద్ధంగా ఉన్నాయి. తరలింపు కోరుతూ వచ్చిన ఉత్తరం, దాని మీద ఎవరు ఏమని రాశారు, ఏ తేదీన సంతకం పెట్టారు అన్నవి అడుగుతాం. ఈ లేఖ చదివిన అభిమానులు, పాత ఆటగాళ్లు, కాలేజీ పీడీ సార్లు తమ పేరుతో ఇదే లేఖను మళ్లీ పంపితే సంతోషిస్తాను. మార్పులు చేసుకోవచ్చు, లెఫ్ట్ బ్యాక్ సంగతి తీసేయవచ్చు.

వచ్చే ఆదివారం మా పాత కాలేజీ గ్రౌండులో ఒక మ్యాచ్ ఉంది. మా అమ్మాయి ఆ పసుపు జెర్సీయే వేసుకొస్తానంటోంది.

ఇట్లు,
గచ్చిబౌలి తూర్పు స్టాండులో కూర్చునే ఒక అభిమాని,
సికింద్రాబాద్